వంతెన కింద దీపం

పోయిన వారం మనం ఉమాశ్రీని మల్లికుంట బోటు క్లబ్బు గేటు ముందు వదిలేశాం. గేటుకు తాళం వేసి ఉంది. పక్క కంచెలో మనిషి దూరేంత సందు ఉంది. ఆ సందుకు అవతల మధు నిలబడి, వస్తే రండి, రాకపోతే లేదు అన్నట్టు చూశాడు. వెళ్ళడమా మానడమా అని ఆవిడ తేల్చుకునేలోపే మనకు పేజీ అయిపోయింది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం, చెరువు మీద తేలే బతుకమ్మలను చూద్దామని ఉమాశ్రీ, ఆమె భర్త రోహిత్ క్లబ్బు పడవ ఎక్కారు. ఇద్దరిదీ భీమవరం వైపు. ఇద్దరికీ హైటెక్ సిటీలోనే ఉద్యోగాలు. సకల జనుల సమ్మెలో బొగ్గు ఆగిపోయి ఊరంతా కరెంటు కోతలు. చెరువు సన్నబడిన చోట ఒక పాత రాతి వంతెన ఉంది. దానికి మూడు కమానులు. పడవ పోయేది నడిమి కమాను కిందనుంచే, తక్కిన రెండింటి కిందా బండలున్నాయి. చీకటి పడితే నడిమి కమానుకు దీపం వెలగాలి. దీపం లేకపోతే పడవ వంతెన దాటకూడదు, ఇది క్లబ్బు కట్టుబాటు. ఆ సాయంత్రం శివ అనే కుర్రాడు నడుపుతున్న పడవ నడిమి కమానులోకి పోకుండా పక్కనున్న బండల మీదికి పోయింది. ముందు భాగంలో నిలబడి ఉన్న రోహిత్ విసురుగా వెళ్ళి కమాను రాతికి తగిలి నీళ్ళలో పడ్డాడు. మళ్ళీ లేవలేదు.

శివ ఇప్పుడు జైల్లో ఉన్నాడు. ఆ రోజు అతని చొక్కాకు జై తెలంగాణ బిళ్ళ ఉంది. కోస్తావాళ్ళు ఎక్కిన పడవను కావాలనే చీకట్లో రాతికి కొట్టాడని రోహిత్ తండ్రి రామచంద్రం ఫిర్యాదు. రేపు ఉదయం మేజిస్ట్రేటు ముందు ఉమాశ్రీ వాంగ్మూలం. మధు ఈ శివకు అన్న, అదే క్లబ్బులో పడవ నడుపుతాడు. ఒక్కసారి అదే వేళకు చెరువు మీదికి వచ్చి చూడమని, ఆ తర్వాత ఏం చెప్పుకున్నా అభ్యంతరం లేదని ఆవిడకు ఫోన్ చేసింది అతనే.

ఉమాశ్రీ సందులోంచి దూరింది.

ధైర్యం చేసిందని అనుకునేరు. ధైర్యానికీ ఈ పనికీ ఏ సంబంధమూ లేదు. రోహిత్ పోయిన దగ్గర్నుంచి ఆవిడ ఎవరు ఏం చెబితే అది చేస్తోంది. తినమంటే తింది. పడుకోమంటే పడుకుంది. ఆఫీసు నుంచి వచ్చిన అమ్మాయి గట్టిగా పట్టుకుని ఏడవమంటే, ప్రయత్నించి, రాక, క్షమించమని కూడా అడిగింది. దసరా వెళ్ళిపోయింది, దీపావళి దగ్గర పడుతోంది, సమ్మె ఇంకా నడుస్తూనే ఉంది. ఆవిడకు ఇవన్నీ పక్కింటి టీవీలో వార్తల్లా వినబడుతున్నాయి. మామగారు కోర్టులో ఇలా చెప్పమ్మా అంటే అలాగేనండి అంది. మధు చెరువు దగ్గరికి రమ్మంటే అతనికీ అలాగేనండి అంది. రెండు అలాగేలూ ఒకచోట పొసగవని ఆవిడకు తోచనే లేదు.

మధు ఆవిడను పలకరించలేదు, పరామర్శించలేదు. నీళ్ళ మీద అల్లుకునే గుర్రపు డెక్క తీసే చిన్న పడవ ఒకటి రేవులో కట్టి ఉంది. దాంట్లోంచి లైఫ్ జాకెట్ తీసి ఇచ్చాడు. ఆవిడ దాన్ని చేత్తో పట్టుకుని నిలబడింది. తొడుక్కునేదాకా అతను పడవ తాడు విప్పలేదు. తొడుక్కున్నాక కూడా పట్టీలు లాగి చూసి, వదులుగా ఉన్న ఒకదాన్ని మళ్ళీ బిగించుకోమన్నాడు. తర్వాత పడవ దీపాలు వేశాడు. ముందు ఎడమ పక్క ఎర్రది, కుడి పక్క ఆకుపచ్చది, వెనక తెల్లది. ఈ మూడూ మనకు దారి చూపించడానికి కాదనీ, మనం ఎటు పోతున్నామో ఎదుటి పడవవాడికి తెలియడానికనీ చెప్పాడు. చెరువు మీద ఈ రోజు ఎదుటి పడవంటూ ఏదీ లేదు. అయినా వేశాడు.

పొద్దుగూకింది. మోటారు నెమ్మదిగా కొట్టుకుంటోంది. చెరువు అవతల గాజు భవనాలు జనరేటర్ల మీద ధగధగా వెలుగుతున్నాయి. ఇవతల గట్టుమీద కాలనీలు, గుడిసెలు, రోడ్డు, అన్నీ చీకటి. కోత మొదలై కాసేపయింది. ఆ భవనాల వెలుగంతా నీళ్ళ మీద పడి సాగుతోంది. ఏది దీపమో ఏది దాని నీడో తెలియడం లేదు. ఉమాశ్రీ ఆ భవనాల్లో తన ఆఫీసు ఏ అంతస్తో వెతకబోయి మధ్యలో వదిలేసింది.

మధు టార్చి ఆర్పేశాడు. ఆవిడ ఫోన్ కూడా లోపల పెట్టుకోమన్నాడు. చీకట్లో పడవ నడిపేవాడికి ముందు కళ్ళు చీకటికి అలవాటు పడాలట. చేతిలో వెలుగు ఉన్నంతసేపూ దూరాన ఉన్నది కనబడదట. చెబుతున్నప్పుడు అతని గొంతులో బతిమాలడం లేదు, కోపం కూడా లేదు. రోజూ టిక్కెట్టు కొని ఎక్కే జనానికి చెప్పే మాటలనే చెబుతున్నాడు. కాకపోతే ఆ మాటల మధ్య తమ్ముడి పేరు వచ్చినప్పుడల్లా మోటారు శబ్దం కొంచెం పెరుగుతోంది.

ఆ సాయంత్రం ఏం జరిగిందో ఆవిడకూ తెలుసు. పడవకు ముందుండే పెద్ద దీపం బ్యాటరీకి కరెంటు కోతల వల్ల ఛార్జి సరిగా ఎక్కలేదు, గుడ్డిగా వెలుగుతోంది. శివ వంతెన దాకా వెళ్ళి తిరిగొద్దామన్నాడు. బతుకమ్మలన్నీ వంతెన అవతలే ఉన్నాయని జనం గొడవ చేశారు. దీపం కనబడితే దాటిద్దాం, లేకపోతే లేదని శివ అన్నాడు. వంతెన దగ్గర ఎవరూ లేవకూడదని రెండుసార్లు చెప్పాడు. అంతవరకూ పోలీసులూ రాసుకున్నారు. ఆ తర్వాత రాసుకున్న వాక్యం ఇది: దీపం లేదని తెలిసి కూడా నిందితుడు పడవను వేగంగా పోనిచ్చాడు. ఆ వాక్యం చదివి వినిపించినప్పుడు ఉమాశ్రీ దవాఖాన వరండాలో తడి బట్టలతో కూర్చుని ఉంది. పక్కన మామగారు ఉన్నారు. అవునా అమ్మా అని ఆయన అడిగితే తలాడించింది. అంతకుముందు ఎవరో కాఫీ తాగుతావా అని అడిగినా అలాగే తలాడించింది.

చెరువు నడుమకు వచ్చాక మధు మోటారు తగ్గించాడు. పడవ ఉన్నచోటే మెల్లగా తిరుగుతోంది. అతను ఆవిడ వైపు తిరిగి కూర్చున్నాడు.

"మేడం, మావోడు జైల్ల ఒక్కటే మాట అంటుండు. దీపం ఉండె అన్నా, దీపం జూసే పోనిచ్చిన అంటుండు. నేను గూడ నమ్మలే. ఆ పొద్దు కరెంటే లేదాయె. క్లబ్బోళ్ళు లాంతరు గూడ పెట్టలే. తెల్లారి నేనే అచ్చి జూసిన, నడిమి కమానుకు ఏం లేదు. వకీలు గూడ ఆ అబద్ధం ఇడిశిపెట్టమన్నడు. నా తమ్మున్ని నేనే నమ్మకపోతి. మీరు పడవల ఉండ్రి. మీరు జెప్పుండ్రి. దీపం ఉండెనా, లేకుండెనా?"

జవాబు ఉమాశ్రీ దగ్గర ఉంది. ఇన్నాళ్ళూ ఉంది. దాచిందా అంటే దాచలేదు, చెప్పిందా అంటే చెప్పలేదు. రోహిత్ నోటివెంట వచ్చిన ఆఖరి మాట అందులో ఉంది. అది బయటికి వస్తే పోలీసు కాగితం మీదికి ఎక్కుతుంది, పేపర్లో వస్తుంది, మామగారి అపార్టుమెంటులో ఇరవైమంది నోళ్ళలో నానుతుంది. ఆ ఒక్కటీ తన దగ్గర ఉండనీ అనుకుంది. దాన్ని దుఃఖం అనాలో పిసినారితనం అనాలో ఆవిడకే తెలియదు.

"ఉందండి," అంది.

మధు ముందుకు వంగాడు.

"ముందు రోహితే చూశాడు. 'ఉమా, అదిగో దీపం' అన్నాడు. నాకు చూపించడానికే లేచి నిలబడ్డాడండి. నేనూ చూశాను. మీ తమ్ముడు దాని వైపే పోనిచ్చాడు."

ఇన్నాళ్ళు లోపల ఉండిపోయిన మాట ఇంత తేలికగా వచ్చేసిందేమిటా అని ఆవిడకు ఆశ్చర్యం కలిగింది. కళ్ళు తడవలేదు. ఎవరో అడ్రసు అడిగితే చెప్పినట్టు చెప్పింది. మధు మాత్రం మొహం రెండు చేతులతో రుద్దుకున్నాడు. రుద్దుకుని, చేతులు తీయకుండా అలాగే కూర్చున్నాడు. పడవ ఒక చుట్టు తిరిగింది. అబద్ధాలాడుతున్నావని అతను తమ్ముణ్ణి జైలు ఇనప జాలీకి ఇవతల నిలబడి ఏమేం తిట్టాడో మనం ముందటి వారాల్లో విన్నాం. అవన్నీ ఇప్పుడు అతనికి ఒక్కొక్కటిగా గుర్తొస్తున్నాయని వేరే చెప్పనక్కర్లేదు.

చివరికి చేతులు తీసి, ఈ మాట రేపు అక్కడ చెబుతారా అని అడిగాడు. ఉమాశ్రీ చెబుతానంది. ఈసారి అలాగేనండి అనలేదు, చెబుతాను అంది. మామగారి మొహం కళ్ళముందు ఒకసారి వచ్చి పోయింది. ఆయన ఏమంటారో ఊహించడానికి కూడా ఆవిడకు ఓపిక లేదు.

"దీపం ఏడ ఉండె, జర చూపెట్టుండ్రి మేడం. రేపు ఆల్లు అదే అడుగుతరు."

పడవ వంతెన వైపు తిరిగింది. మధు తీరు మారింది. మోటారు బాగా తగ్గించేశాడు, నడిచే మనిషికన్నా మెల్లగా పోతోంది పడవ. వంతెన అవతలినుంచి ఏదైనా వస్తుంటే ఆగడానికి ఒక పొడుగాటి హారన్ కొట్టి చెవి ఒగ్గి విన్నాడు. వానలకు నీళ్ళు పెరిగాయి కాబట్టి కమాను ఇదివరకటంత ఎత్తుగా ఉండదని, తల వంచి కూర్చోమని చెప్పాడు. పొడుగాటి వెదురు గడ తీసి పక్కన పెట్టుకున్నాడు. ఆ రోజు ఎక్కడ కూర్చున్నారో అక్కడే కూర్చోమన్నాడు. ఉమాశ్రీ ముందు బల్ల మీదికి జరిగింది. పక్కన ఒక మనిషి పట్టే చోటు ఖాళీగా ఉంది. ఆవిడ దాని మీద చెయ్యి పెట్టలేదు, అటు చూడలేదు.

ఎదురుగా చీకటి ఒకచోట మరీ ముద్దగా ఉంది. అదే వంతెన. ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, దాంట్లో కమానులు ఎక్కడున్నాయో తెలియడం లేదు. మధుకు తెలుసునేమో. ఉమాశ్రీకి మాత్రం అదంతా ఒకటే గోడ.

"అక్కడండి," అని చెయ్యి చాపి చూపించింది.

మధు ఆవిడ చెయ్యి వైపు చూశాడు, అది చూపిస్తున్న వైపు చూశాడు. అక్కడ కాదు, ఇంకొంచెం కుడికి ఉంటుంది నడిమి కమాను అన్నాడు. ఆవిడ చెయ్యి కదలలేదు. నడుమ కాదు, ఎడమ పక్కనే అంది. అటు గట్టు వైపు. ఎడమ కమాను కింద దీపం ఎవరూ పెట్టరు మేడం, అక్కడ బండలున్నాయి, మీరు మరచిపోయి ఉంటారు అన్నాడు అతను. తమ్ముడి మాట ఎవరూ నమ్మరన్న పాత భయం అతన్ని మళ్ళీ పట్టుకుంది. సాక్షి చూపిస్తున్న చోట దీపం ఉండే వీలే లేకపోతే ఆ సాక్ష్యం ఎందుకు పనికొస్తుంది? అవతలి పక్షం వకీలు నవ్వి పారేస్తాడు.

ఉమాశ్రీ వాదించలేదు. వాదించడానికి కావలసిన వేడి ఆవిడలో లేదు. చెయ్యి మాత్రం దించలేదు.

సరిగ్గా ఆ చెయ్యి చూపిస్తున్న చోట దీపం వెలిగింది.

ముందు చిన్న చుక్కలా మినుకుమంది. తర్వాత ఎవరో వత్తి పెంచినట్టు పసుపుగా నిలబడింది. ఆ వెలుగులో కమాను వంపు ఒక్కటే కనబడింది, నున్నగా, లోపలికి రమ్మన్నట్టు. అటూ ఇటూ మళ్ళీ చీకటే. కొత్తవాళ్ళెవరైనా అదే దారనుకుంటారు. పాతవాళ్ళు కూడా అనుకుంటారు.

మధు మోటారు ఆపేశాడు. ఉమాశ్రీకి భయం వేయాలి, వేయలేదు. ఆ రోజు చూసింది ఇదే అనుకుంది, అంతే.

అతను గడ అందుకుని, నీళ్ళ అడుగు తడుముకుంటూ, పడవను అంగుళం అంగుళంగా అటు తీసుకెళ్ళాడు. గడకు బండ తగిలింది. తోసి పక్కకు జరిపాడు. ఇంకో బండ. కమానుకు దగ్గరగా వచ్చాక, నీళ్ళలోంచి పైకి లేచిన ఒక చదును రాతి మీద ఎవరో నిలబడి ఉండటం కనిపించింది. చీర కుచ్చెళ్ళు మోకాళ్ళదాకా ఎగదోపుకున్న ముసలామె. కమాను రాళ్ళ సందులో కొట్టిన మేకుకు లాంతరు తగిలించి, గాలికి ఊగకుండా తీగతో కట్టుకుంటోంది. పడవ చప్పుడు విని వెనక్కి తిరిగింది.

"ఎవలు? మధువా?" అంది. "పడవలు మల్ల నడుస్తున్నయా కొడుకా?"

ఆమె పేరు కొమురమ్మ. గట్టు మీది కూలీల గుడిసెల్లో ఉంటుంది. జనగామ అవతలి ఊరు. భర్త చంద్రయ్య తెల్లాపూర్‌లో కడుతున్న ఇళ్ళ దగ్గర కాపలా, రాత్రుళ్ళు ఉండడు. ఆమె పగలంతా ఇటుకలు మోసి సాయంత్రం ఇంటికొస్తుంది. మధును గట్టు మీద చూడటమే తప్ప ఎప్పుడూ పడవ ఎక్కలేదు. ఇదంతా మధు ఉమాశ్రీకి తర్వాత చెప్పాడు. ఆ క్షణంలో అతను అడిగింది ఒక్కటే, లాంతరు ఇక్కడ ఎందుకు పెట్టావని.

కొమురమ్మ దాంట్లో దాచడానికేముందన్నట్టు చెప్పింది. కోతలు మొదలైన దగ్గర్నుంచి వంతెన బుగ్గ, అదే బల్బు, వెలగడం లేదు. చీకట్లో పడవల మీద పిల్లాజెల్లా పోతుంటారు. ఇంట్లో ఒక్క లాంతరు ఉంది, బువ్వ తిన్నాక దాంతో పనేముంది? అందుకని సద్దుల బతుకమ్మ నాడు తెచ్చి ఇక్కడ పెట్టింది. పడవలు బందయ్యాయని అంటున్నారు కానీ ఏ రాత్రి ఎవరు వస్తారో ఎవరికి తెలుసు? అందుకే కోత ఉన్నప్పుడల్లా తెచ్చి తగిలిస్తోంది. కరెంటు రాగానే తీసుకుపోతోంది.

"గీ కమానుకే ఎందుకు పెట్టినవ్ అవ్వా?" మధు గొంతు ఎక్కడినుంచో వస్తున్నట్టుంది.

"తొవ్వ గిదే కద కొడుకా. ఎండకాలం చెరువు ఎండితే మేమంత గీ కమాను కిందికెళ్ళే నడుస్తుంటిమి. గా నడిమి దాని కింద గుంత, బురద, ఎవలు పోతరు? మనిషి పోయే తొవ్వలకెళ్ళే పడవ గూడ పోతది గద."

మధు గడతో నీళ్ళ అడుగును మళ్ళీ తడిమాడు. చెప్పవలసింది ఒకే ఒక్క ముక్క. నడిచే మనిషి లోతు లేని చోటు వెతుక్కుంటాడు, పడవ లోతున్న చోటు వెతుక్కుంటుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కాలినడకనే బతికిన మనిషికి ఆ తేడా ఎవరూ చెప్పలేదు, ఆమెకు అడగాలని తోచలేదు. తనకు తెలిసిన మంచి దారిలో, తనకున్న ఒక్క దీపం పెట్టింది.

ఉమాశ్రీకి అంతా అర్థమైంది. అర్థమవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. శివ అబద్ధం చెప్పలేదు. రోహిత్ పొరబడలేదు. దీపం ఉంది. రోహిత్‌ను చంపింది ఆ దీపమే. ఈ ఆలోచన మనసులో పూర్తయ్యాక, ఇప్పుడు ఈమె మీద కోపం వస్తుంది కాబోలు అని ఆవిడ ఎదురుచూసింది. రాలేదు.

కొమురమ్మ కళ్ళు చిట్లించి పడవలోకి చూసింది. లాంతరు వెలుగు ఉమాశ్రీ మొహం మీద పడింది.

"నువ్వు గా బిడ్డవే కద," అంది మెల్లగా.

ఆ సాయంత్రం పడవ ఒరిగి నీళ్ళలో పడ్డ ఉమాశ్రీని లాగి గట్టున కూర్చోబెట్టినప్పుడు ఎవరో ఆవిడ మీద పాత దుప్పటి కప్పి, తల తుడిచి, వీపు నిమురుతూ కూర్చున్నారు. మొహం గుర్తులేదు. చేతులు గరుకుగా ఉన్నాయని గుర్తుంది. ఆ చేతులు ఈమెవేనని ఈ పిలుపుతో ఆవిడకు తెలిసింది.

కొమురమ్మ రాతి మీదే కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పడవ రాళ్ళకు తగిలిన చప్పుడుకు తనే ముందు ఉరికొచ్చానంది. మనుషులు కనబడకపోతే ఈ లాంతరే ఊడబీకి నీళ్ళ మీద పట్టుకుని వెతికానంది. పోలీసులు వచ్చేసరికి మేకుకు లాంతరు ఎందుకు లేదో మధుకు ఆ మాటతో తెలిసింది. దీపం పెట్టినా ఆ పిల్లగాడు బండల మీదికి ఎందుకు పోయాడో తనకు ఇప్పటికీ అర్థం కాలేదని, నిద్ర పట్టడం లేదని ఆమె చెప్పుకుంటూ పోయింది. ఇద్దరూ వింటున్నారు. ఇద్దరిలో ఒక్కరూ ఆమె కళ్ళలోకి చూడలేదు.

"శివను తీస్కపోయి లోపలేసిండ్రట కదా," అంది కొమురమ్మ. "దీపం లేకుండె అని రాసుకున్నరట, నిన్ననే ఇన్న. దీపం లేకపోవుడేంది? నేను పెట్టిన కద. ఎవ్వలన్న అడిగితె గద జెప్పేది."

మధు మెల్లగా తలెత్తాడు. అతని మొహంలోకి ఏం వస్తోందో ఉమాశ్రీ చూసింది. ముందు తమ్ముడు బయటికొస్తాడన్న ఆశ వచ్చింది. ఆ తర్వాత ఇంకేదీ రాలేదు.

"ఈ మాట పోలీసులకు జెప్తవా అవ్వా?"

"జెప్త. ఎందుకు జెప్ప? నా చేతులతోని పెట్టిన దీపమాయె."

"రేపు పొద్దుగాల నేనే అచ్చి తీస్కపోత."

"రేపటిదాక ఎందుకు? నాలుగు ఇటుకలు మోసేసరికి నా మాట నాకే యాదికుండదు. ఇప్పుడే పోదాం పా." కొమురమ్మ లేచి చీర దులుపుకుంది. పడవ అంచు పట్టుకుంది.

మధు గడను రాతికి ఆనించి పడవ కదలకుండా పట్టుకున్నాడు. ఆమె ఎక్కుతుంటే వేరే వైపు చూస్తూ అన్నాడు. "లాంతరు గూడ తీస్కో అవ్వా. ఆ మేకు, తీగ గూడ."

స్టేషన్లో సాక్ష్యంగా చూపించడానికని ఉమాశ్రీకి అర్థమైంది. ఎందుకని కొమురమ్మ అడగలేదు. తీగ విప్పి, మేకు ఊడబీకి కొంగున కట్టుకుని, లాంతరు పట్టుకుని, ఒక్కో కాలే జాగ్రత్తగా వేస్తూ పడవలోకి దిగింది. పడవ ఊగింది. ఉమాశ్రీ పక్కనున్న ఖాళీ చోట్లో కూర్చుని, లాంతరు కాళ్ళ దగ్గర పెట్టుకుని, ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"నువ్వు ఫికర్ జెయ్యకు బిడ్డా," అంది. "నీ పెనిమిటిని నేను తేలేను. ఆ పిల్లగాని మీది నింద మాత్రం తీసేస్త. దీపం నేనే పెట్టిన అని అందరి ముంగట జెప్త."

ఉమాశ్రీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఇన్నాళ్ళూ ఎంతమంది పట్టుకున్నా ఆ చేతికి తెలియలేదు. ఇప్పుడు తెలుస్తోంది. గరుకుగా ఉంది, వెచ్చగా ఉంది. దానితోపాటు ఇంకేదో కూడా తెలుస్తోంది. అది దుఃఖమేమో అనుకుంది మొదట. కాదు, భయం. తన కోసం కాదు, రోహిత్ కోసం కాదు. పక్కన కూర్చున్న ఈ మనిషి కోసం. ఈమె స్టేషన్లో కుర్చీ ముందు నిలబడి, ఎవరూ అడగకముందే, ఎంతో సంతోషంగా చెప్పేస్తుంది. ఏ కమానుకు పెట్టావని వాళ్ళు అడుగుతారు. అదీ చెబుతుంది. వినేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. తను చేసిందేమిటో ఈమెకు మొదటిసారి అక్కడ, వాళ్ళ నోటివెంట తెలుస్తుంది.

చెప్పకపోతే శివ బయటికి రాడు. అదీ ఆవిడకు తెలుసు. ఏం చేయాలో తెలియదు. ఒక్కటి మాత్రం తెలుసు. ఈమెకు ఆ సంగతి అక్కడ తెలియకూడదు. ముందు ఇక్కడ తెలియాలి, తన నోటివెంట. ఆ తర్వాత వెళ్ళడమా మానడమా ఈమె ఇష్టం.

మధు గడతో పడవను బండల మధ్యనుంచి వెనక్కి లాగాడు. లోతులోకి వచ్చాక మోటారు వేశాడు. వంతెన వెనక్కి పోతోంది.

"మధు గారూ," అంది ఉమాశ్రీ. "మోటారు ఆపండి. ఈవిడకి ఒక మాట చెప్పాలి."

అతను వినబడనట్టు ముందుకు చూస్తున్నాడు.

"ఆపండి మధు గారూ."

ఏం మాట బిడ్డా అని కొమురమ్మ ఆవిడ వైపు తిరిగింది. మధు మోటారు వేగం పెంచాడు.